వార్ 2 గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: అసలు తేడా ఎక్కడ కొట్టింది?

సినిమా థియేటర్లలోకి వచ్చి వెళ్లిపోయింది, ఓటీటీలోకీ వచ్చేసింది. అయినా వారానికి ఒకరైనా అడుగుతూనే ఉన్నారు, "మరీ అంతలా తిట్టాల్సినంత ఉందా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. అందుకే అన్నీ ఒకచోట పెడుతున్నాను. కథలోని అసలు మలుపు ఒక జవాబులో బయటపడుతుంది, అక్కడ ముందే హెచ్చరిస్తాను.

ఇది దేనికి సీక్వెల్? మొదటిది చూడకపోతే అర్థమవుతుందా?

2019 అక్టోబర్ 2న వచ్చిన 'వార్'కి. యశ్‌రాజ్ ఫిల్మ్స్ సినిమా, దర్శకుడు సిద్ధార్థ్ ఆనంద్. హృతిక్ రోషన్ చేసిన కబీర్ 'రా' (మన దేశపు విదేశీ గూఢచారి సంస్థ) ఏజెంట్. ఉన్నట్టుండి ఎదురు తిరుగుతాడు. అతన్ని పట్టుకోవడానికి అతని శిష్యుడు ఖాలిద్‌నే, అంటే టైగర్ ష్రాఫ్‌నే పంపుతారు. ఆ ఏడాది హిందీలో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా అది.

హృతిక్‌కి తోడు ఎన్టీఆర్ కూడా చేసిన 'వార్ 2' 2025 ఆగస్టు 14న వచ్చింది. మొదటిది చూడకపోయినా కథ అర్థమవుతుంది. కబీర్, అతని పై అధికారి కల్నల్ లూథ్రా తప్ప అందులోంచి ఇందులోకి పెద్దగా ఏమీ రాలేదు. కాకపోతే ఒక చిక్కుంది. కబీర్ చేతిలోనే లూథ్రా చనిపోతాడు, ఆ తర్వాత కథంతా ఆ చావు చుట్టూ తిరుగుతుంది. మొదటి సినిమాలో ఆ ఇద్దరి చనువు చూసినవాళ్లకి అక్కడ గుండె కలుక్కుమంటుంది. చూడనివాళ్లకి ఎవరో పెద్దాయన పోయాడు, అంతే. మా హాల్లో ఎక్కువమంది రెండో రకమే అని ఆ సీన్‌కి ఫోన్లు వెలిగిన తీరు చూస్తేనే తెలిసింది.

టైగర్, పఠాన్ సినిమాలన్నీ కూడా చూసి రావాలా?

అక్కర్లేదు. 2012లో 'ఏక్ థా టైగర్'తో మొదలుపెట్టి 'టైగర్ జిందా హై', 'వార్', 'పఠాన్', 'టైగర్ 3' వరకు వచ్చిన వరసలో ఇది ఆరోది. 'టైగర్ 3' చివర్లో లూథ్రా కబీర్‌తో మాట్లాడే చిన్న ముక్క ఒకటుంది, ఈ సినిమాకి దారి అక్కడే వేశారు. అది చూసినా, చూడకపోయినా మీకు పోయేదేమీ లేదు.

దర్శకుడు మారడం వల్ల దెబ్బ పడిందా?

కొంతవరకు. 'వార్ 2' దర్శకుడు అయాన్ ముఖర్జీ అంతకుముందు తీసినవి మూడు: 'వేక్ అప్ సిడ్', 'యే జవానీ హై దీవానీ', 'బ్రహ్మాస్త్ర'. మొదటి రెండూ స్నేహాలు, అలకలు, కుర్రతనం. ఆయన చెయ్యి అక్కడ బాగా తిరుగుతుంది. 'వార్ 2'లోనూ ఇద్దరు పిల్లల చిన్ననాటి స్నేహం చూపించే భాగంలో ఆ చెయ్యి కనిపిస్తుంది. రోడ్డు మీద పెరిగిన కుర్రాడు ఒకడు, జువైనల్ హోమ్‌లో పడ్డవాడు ఒకడు. ఆ పది పదిహేను నిమిషాలు సినిమాకి ఒక మనసు ఉన్నట్టు అనిపిస్తుంది.

కానీ ఆ భాగం వచ్చేసరికి సగం సినిమా అయిపోయింది. ఇద్దరు హీరోలూ అప్పటికే రైలు మీద, విమానం మీద కొట్టుకున్నారు. ఎందుకు కొట్టుకుంటున్నారో మనకి తర్వాత చెప్తున్నారు. పెళ్లి భోజనం అయ్యాక శుభలేఖ ఇచ్చినట్టుంది.

తెలుగు రాష్ట్రాల్లో అంత హైప్ ఎలా వచ్చింది?

ఒక్క పేరు: ఎన్టీఆర్. 'ఆర్ఆర్ఆర్' తర్వాత, 'దేవర' తర్వాత, నేరుగా హిందీలో చేసిన మొదటి సినిమా ఇది. టీజర్‌ని ఆయన పుట్టినరోజు, మే 20న వదిలారు. అక్కడితోనే ఇది హృతిక్ సీక్వెల్ కాకుండా, మన దగ్గర తారక్ సినిమా అయిపోయింది. తెలుగు హక్కులు సితార ఎంటర్‌టైన్‌మెంట్స్ నాగవంశీ తీసుకున్నారు. ఆగస్టు 10న హైదరాబాద్ యూసఫ్‌గూడలో ప్రీ రిలీజ్ ఫంక్షన్ పెట్టారు. హృతిక్ వచ్చాడు. ఎన్టీఆర్ మైకు పట్టుకుని, మామూలుగా ఎగరేసే ఒక్క కాలర్ కాదు, ఈసారి రెండూ అని రెండు కాలర్లూ పైకి లాగాడు.

ఆ రెండు కాలర్ల గురించి వేరే చెప్పాలి. అభిమానికి అది హామీ. హీరోకి సినిమా మీద అంత నమ్మకం ఉంటే తప్ప అలా చెయ్యడు అనుకుంటాడు. బయ్యర్‌కి అది అడ్వాన్స్ బుకింగ్. విడుదలయ్యాక ట్రోల్ చేసేవాడికి అది రెడీమేడ్ మీమ్. ఒకే పని మూడు చోట్ల మూడు రకాలుగా పనికొచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఎక్కువ తిరిగింది మాత్రం మూడోదే.

మొదటి రోజు థియేటర్లో ఎలా ఉంది?

ఆంధ్రప్రదేశ్‌లో టికెట్ రేటు పెంచుకోవడానికి, తెల్లవారుజామున స్పెషల్ షోకి అనుమతి వచ్చింది. అది గురువారం. మా మేనల్లుడు నాలుగింటికే బండి తీసుకుని వచ్చి హారన్ కొట్టాడు. ఊళ్లో పాత సింగిల్ స్క్రీన్. గేటు దగ్గర కటౌట్, దండలు, డప్పులు. లోపల పేపర్లు చింపి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కుర్రాళ్లు.

మొదట జపాన్. కత్తులు పట్టుకున్న మనుషులు, పక్కన తోడేలుతో హృతిక్. హాల్లో ఈలలు బాగానే పడ్డాయి, కానీ అవి అతిథికి వేసిన ఈలలు. కాసేపటికి ఎన్టీఆర్ వచ్చాడు. అక్కడ మాటలేవీ వినపడలేదు. పేపర్లు ప్రొజెక్టర్ వెలుగులో తెల్లగా తిరుగుతుంటే తెర సగం కనపడలేదు. నా ముందు వరసలో ఒకతను సీటు మీద నిలబడి చొక్కా విప్పేశాడు.

చెప్పాలనుకున్నది ఆ తర్వాత సంగతి. నా పక్కన కూర్చున్న కుర్రాడి ఒళ్లో ఇంకో గుప్పెడు పేపర్లు మిగిలాయి. ఇంటర్వెల్‌కి వేద్దామని దాచుకున్నాడు. ఇంటర్వెల్ వచ్చింది, కొన్ని వేశాడు. సెకండాఫ్‌లో రెండుసార్లు గుప్పిట బిగించాడు, రెండుసార్లూ వదిలేశాడు. సినిమా అయ్యాక లేచి ఒళ్లు దులుపుకున్నాడు. ఆ పేపర్లు సీటు కిందే రాలాయి. "ఎలా ఉంది తమ్ముడూ?" అంటే, "తారక్ అన్న చేశాడన్నా..." అని ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తి కాలేదు. నేను ఇంటికొచ్చి చదివిన రివ్యూలన్నీ కలిపినా అంతకంటే ఎక్కువ చెప్పలేదు.

(మా హాల్లో బొమ్మ కూడా మసగ్గా ఉంది. ప్రొజెక్టర్ బల్బుకి వయసైపోయినట్టుంది. రాత్రి సీన్లలో ఎవరు ఎవరిని కొడుతున్నారో గొంతుని బట్టి తెలుసుకున్నాం. అది సినిమా తప్పు కాదు, కాబట్టి లెక్కలో వెయ్యడం లేదు. తర్వాత మంచి తెర మీద ఇంకోసారి చూశాకే ఇదంతా రాస్తున్నాను.)

ఎన్టీఆర్ హీరోనా, విలనా? (కథ బయటపడుతుంది, చూడనివాళ్లు దాటేయండి)

ఆయన పాత్ర పేరు విక్రమ్. లూథ్రాని చంపిన కబీర్‌ని పట్టుకోవడానికి వచ్చిన ఆఫీసర్‌గా మొదలవుతాడు. కబీర్ నిజానికి 'కలి' అనే ముఠాలోకి దూరడానికి ఆ హత్య చెయ్యాల్సి వచ్చింది. విక్రమ్ ఆ ముఠా మనిషే అని ఇంటర్వెల్ దగ్గర తెలుస్తుంది. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులని, అప్పట్లో అతని పేరు రఘు అని ఆ తర్వాత వస్తుంది. లూథ్రా ఇద్దరిలో ఒక్కణ్ణే ఎంచుకున్నాడు, ఆ ఒక్కడు కబీర్. మిగిలిపోయినవాడి కడుపుమంట విక్రమ్.

కాగితం మీద ఇది మంచి పాత్ర. హీరో, విలన్ అన్న మాటల కంటే పెద్దది. ఎన్టీఆర్ కళ్లతో చేసిన ఒకటి రెండు చోట్ల ఆ మంట కనపడుతుంది కూడా. మన దగ్గర గొడవ అది కాదు. తెలుగు అభిమానికి హీరో నెగెటివ్ చేస్తే అభ్యంతరం లేదు, 'జై లవ కుశ'లో రావణుడిగా నత్తి మాటలతో చేసింది నెత్తిన పెట్టుకున్నారు. అక్కడ జై ఎందుకు అలా అయ్యాడో ముందు చూపించారు. ఆ తర్వాత అతను ఏం చేసినా హాలు అతని వైపే ఉంది. ఇక్కడ ముందు విక్రమ్‌ని దేశభక్తుడన్నారు, తర్వాత ద్రోహి అన్నారు, ఆ తర్వాత పాపం అన్నారు. ఎప్పుడు ఈల వెయ్యాలో తెలియక అభిమాని చేతులు కట్టుకున్నాడు.

స్క్రీన్ టైమ్ తక్కువ అన్న మాట కూడా వినపడింది. నాకు అలా అనిపించలేదు. ఇద్దరికీ దాదాపు సమంగానే ఇచ్చారు. సమంగా ఇవ్వాలన్న టెన్షన్ మాత్రం ప్రతి సీన్‌లో కనపడింది. ఇతను ఒకటి కొడితే అతను ఒకటి కొట్టాలి, ఇతనికో ఎంట్రీ అయితే అతనికో ఎంట్రీ. పాలూ నీళ్లూ కొలిచినట్టు.

యాక్షన్ సినిమా కదా, యాక్షన్ బాగుంటే చాలదా?

ఎక్కువమంది అడిగింది ఇదే, నాకు ఎక్కువ చెప్పాలని ఉన్నదీ ఇదే.

మొదటి 'వార్'లో టైగర్ ష్రాఫ్ ఎంట్రీ ఫైట్ గుర్తు చేసుకోండి. ఒక ఇంట్లో, కట్ లేకుండా ఒకే షాట్‌లా సాగుతుంది. గోడలు దగ్గరగా ఉంటాయి, మనిషికి ఆయాసం వస్తుంది, దెబ్బ తగిలినవాడు లేవడానికి టైమ్ పడుతుంది. అందుకే మన ఒళ్లు కూడా బిగుసుకుంటుంది. 'వార్ 2'లో అంతకంటే చాలా పెద్ద ఫైట్లు ఉన్నాయి: పరుగెత్తే రైలు, పడవలు, గాల్లో విమానం, చివర్లో మంచు గుహ. రైలు ఫైట్ నాకు నచ్చింది, దాచుకోను. కానీ విమానం నుంచి పడ్డవాడు లేచి నిలబడితే జుట్టు కూడా చెదరదు. రెండుసార్లు అలా జరిగాక మూడోసారి అతను పడితే మనకి భయం వెయ్యదు. భయం లేని చోట ఫైటు ఎంత పెద్దదైతే అంత పెద్ద చప్పుడు, అంతే.

ఇంకో కారణం లోతుగా ఉంది. గూఢచారి కథకి ఇంధనం దెబ్బలు కాదు, అనుమానం. ఎదుటివాడు నిజంగా ఎవరు? ఏం దాస్తున్నాడు? మొదటి సినిమాలో ఖాలిద్ అనుకున్నవాడు ఖాలిద్ కాడని, సర్జరీతో ముఖం మార్చుకొచ్చిన ద్రోహి అని తెలిసేది బాగా ఆలస్యంగా. అంతవరకు గురుశిష్యుల మధ్య జరిగిన ప్రతి మాటనీ వెనక్కి వెళ్లి మళ్లీ చూసుకోవాలనిపిస్తుంది. కొంచెం నమ్మశక్యం కానిదే, కానీ హాల్లో పనిచేసింది. 'వార్ 2'లో ముక్కలన్నీ ఇంటర్వెల్‌కే నేలమీద పరిచేశారు. అతను ఎవరో ఇతనికి తెలుసు, ఇతను ఎవరో అతనికి తెలుసు, ఇద్దరి సంగతీ మనకి తెలుసు. ఇక మిగిలింది ఎవరి కండ పెద్దదో తేల్చుకోవడం. ఆ పనికి గూఢచారులు ఎందుకు, పహిల్వాన్లు చాలు.

నిడివి 2 గంటల 50 నిమిషాలు దాటింది. తేలాల్సిన గుట్టు ఏదైనా మిగిలుంటే జనం మూడు గంటలైనా కూర్చుంటారు. అది లేకపోయేసరికి సెకండాఫ్ లాగ్ అన్నారు.

గ్రాఫిక్స్ మీద అంత గోల ఎందుకు?

కొన్ని చోట్ల మనిషికీ వెనక బొమ్మకీ పొంతన లేదు, వెలుగు ఒకవైపు నుంచి, నీడ ఇంకోవైపుకి. ఇది మామూలు ప్రేక్షకుడు పేరు పెట్టి చెప్పలేకపోవచ్చు, "ఏదో ఆట చూసినట్టుంది మామయ్యా" అన్నాడు మా వాడు. వీడియో గేమ్ అని వాడి ఉద్దేశం. ఎన్టీఆర్ చొక్కా లేని షాట్ మీద జరిగిన చర్చ మాత్రం అతి అనిపించింది. కండలు నిజమా, కంప్యూటర్‌లో పెంచినవా అని ఫొటో మీద గీతలు గీసి నిరూపించినవాళ్లు కథ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఇద్దరు డాన్సర్లు ఉన్నారు కదా, పాట ఎలా ఉంది?

హృతిక్, ఎన్టీఆర్ ఒకే ఫ్రేమ్‌లో స్టెప్ వేస్తారంటే 'నాటు నాటు'తో పోల్చకుండా ఎవరుంటారు? 'సలామ్ అనాలి'ని విడుదలకి ముందు కొంచెమే చూపించి, పూర్తి పాటని థియేటర్‌కే దాచారు. వ్యాపారంగా తెలివైన ఆలోచన.

పాటలో ఇద్దరూ బాగా చేశారు. ఒళ్లు వంచడంలో హృతిక్ నున్నగా జారిపోతాడు, ఎన్టీఆర్ అదే స్టెప్‌ని విసురుగా కొట్టి వదులుతాడు. చూడముచ్చటే. కానీ 'నాటు నాటు'లో డాన్స్ ఒక పందెం. అవమానం జరిగింది, దానికి జవాబు చెప్పాలి, ఎవరు ముందు పడిపోతారా అని చివరిదాకా చూస్తాం. ఇక్కడ ఇద్దరు స్టార్లు కలిసి డాన్స్ చెయ్యాలి కాబట్టి చేశారు. మొదటి 'వార్'లో హోళీ పాట కూడా ఇలాంటిదే, అది మాత్రం ఇప్పటికీ పండగ రోజు లౌడ్‌స్పీకర్లలో వినపడుతుంది. ట్యూన్ దగ్గరే తేడా వచ్చిందేమో. ప్రీతమ్ పాట హాల్లోంచి నాతో ఇంటిదాకా రాలేదు.

మొత్తం ఎంత వసూలు చేసింది? ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్తున్నారేంటి?

ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్తారు. టికెట్ల మీద వచ్చిన మొత్తం గ్రాస్. అందులోంచి జీఎస్టీ తీసేస్తే నెట్. అప్పట్లో 100 రూపాయలు దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ. నెట్‌లోంచి థియేటర్ అద్దెలూ, ఖర్చులూ పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. హిందీ ట్రేడ్ వాళ్లు నెట్ మాట్లాడతారు, మనవాళ్లు నైజాం (తెలంగాణ) ఇంత, సీడెడ్ (రాయలసీమ) ఇంత అని షేర్ మాట్లాడతారు, పోస్టర్ మీద గ్రాస్ వేస్తారు. ముంబై స్నేహితుడితో ఇక్కడి అభిమాని ఫోన్‌లో గంటసేపు తగువాడేది చాలాసార్లు ఇందుకే. ఇద్దరూ నిజమే చెప్తుంటారు, వేర్వేరు నిజాలు.

ట్రేడ్ లెక్కల ప్రకారం మొదటి రోజు అన్ని భాషలూ కలిపి దేశంలో 50 కోట్ల నెట్ దాటింది. పంద్రాగస్టు సెలవు కాబట్టి రెండో రోజు ఇంకొంచెం పెరిగింది. శని, ఆదివారాలు బాగా తగ్గాయి. సోమవారానికి 10 కోట్ల లోపుకి పడిపోయింది. సినిమా పని అయిపోయిందని తెలిసేది ఆ సోమవారం మార్నింగ్ షోకే. సెలవు రోజు వసూలు హీరోది, సోమవారం వసూలు సినిమాది. మొత్తం రన్‌లో దేశంలో దాదాపు 236 కోట్ల నెట్, ప్రపంచమంతా కలిపి 360 కోట్ల పైచిలుకు గ్రాస్ అని అంచనా.

చిన్న అంకె కాదు. కానీ అంతకు ఆరేళ్ల ముందు, తక్కువ టికెట్ ధరలతో మొదటి 'వార్' 470 కోట్లు దాటింది. ఇదే వరసలో 'పఠాన్' 1000 కోట్లు దాటింది. సీక్వెల్‌కి ఇద్దరు స్టార్లు, రెండు పరిశ్రమల మార్కెట్లు తోడైనా మొదటిదాన్ని అందుకోలేకపోయింది. తెలుగులో పెద్ద రేటుకి కొన్నందుకు ఇక్కడ నొప్పి ఇంకా ఎక్కువ.

'కూలీ'తో పోటీ పడకపోతే నిలబడేదా?

మొదటి మూడు రోజులు మరికొన్ని స్క్రీన్లు దొరికేవి. అదే రోజు రజనీకాంత్, లోకేశ్ కనగరాజ్ సినిమా, అందులో విలన్‌గా మన నాగార్జున. తెలుగులో రెంటికీ గిరాకీ ఉంది. కానీ 'కూలీ'కి కూడా డివైడ్ టాకే వచ్చింది. పక్క సినిమా అందర్నీ లాగేసుకుంది అనడానికి పక్క సినిమా అంత గొప్పగా లేదు. పోటీ వల్ల ఓపెనింగ్ తగ్గుతుంది, సోమవారం పడిపోవడానికి పోటీ కారణం కాదు.

కావాలని నెగెటివ్ ప్రచారం చేశారంటారు, నిజమేనా?

చేసినవాళ్లు ఉన్నారు. ఇంటర్వెల్ కాకముందే "డిజాస్టర్" అని పోస్ట్ పెట్టినవాళ్లని నేనూ చూశాను. వేరే హీరో అభిమానులు కొందరు, రాజకీయం కలిపినవాళ్లు కొందరు. కానీ అలాంటి ప్రచారం ప్రతి పెద్ద సినిమాకీ ఉంటుంది, 'దేవర'కీ ఉంది. 'దేవర' మొదటి రోజు డివైడ్ టాక్‌తో మొదలై, తర్వాత ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు చూసి నిలబెట్టారు. ఈ సినిమాని ఆ రెండో వరస ప్రేక్షకులు పట్టించుకోలేదు. ట్విట్టర్ చూడని మా పిన్ని కూడా "వద్దులేరా, ఎవరో బాగోలేదన్నారు" అంది. ఎవరన్నారని అడిగితే పాలు పోసే అతను. మౌత్ టాక్ అంటే అదే, దాన్ని డబ్బు పెట్టి ఎవరూ నడపలేరు.

తెలుగు డబ్బింగ్ ఎలా ఉంది?

ఎన్టీఆర్ గొంతు ఎన్టీఆర్‌దే, కాబట్టి సగం సమస్య తీరింది. మిగతావాళ్లు మాట్లాడుతుంటే మాత్రం హిందీ వాక్యానికి తెలుగు తొడుగు వేసినట్టుంది. దేశం గురించిన డైలాగులు ఉపన్యాసంలా ఉన్నాయి. ఎన్టీఆర్ నోట పెద్ద డైలాగ్ వినాలని వచ్చినవాళ్లకి ఒక్కటి కూడా జ్ఞాపకం ఉండేది దొరకలేదు. వీలైతే హిందీలోనే చూడండి.

కియారా అద్వానీ పాత్ర?

కావ్య, లూథ్రా కూతురు, ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్. తండ్రిని చంపినవాణ్ణి ప్రేమించిన అమ్మాయి. కథ మొత్తం ఆమె వైపు నుంచి చెప్పినా ఒక సినిమా అయ్యేది. ఇక్కడ ఒక పాట, ఒక ఫైటు, కొంత కన్నీరు. సెన్సార్ వాళ్లు శృంగారం సీన్లు సగానికి తగ్గించమన్నారని పెద్ద వార్త అయింది. పాత్రలో మిగతా సగం ఏమైందని ఎవరూ అడగలేదు.

'రా' ఏజెంట్లు నిజంగా ఇలా ఉంటారా?

ఉండరు. 'రా' 1968లో, ఆర్.ఎన్. కావ్ నాయకత్వంలో, ఇంటెలిజెన్స్ బ్యూరో నుంచి విడిపోయి ఏర్పడింది. కేబినెట్ సచివాలయం కింద పనిచేస్తుంది. అసలు పని సమాచారం సేకరించడం, కాగితాలు చదవడం, మనుషుల్ని ఓపిగ్గా మచ్చిక చేసుకోవడం. మంచి గూఢచారి పక్కన కూర్చున్నా మనం గుర్తుపట్టకూడదు. హృతిక్ రోషన్‌ని ఏ ఊళ్లో గుర్తుపట్టరు చెప్పండి.

తెలుగులో గూఢచారి సినిమాలు అసలు ఆడవా?

ఆడతాయి, ఆడాయి. 1966లోనే కృష్ణ 'గూఢచారి 116' చేశారు. ఆ దెబ్బతో ఆయనకి ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న పేరు ఉండిపోయింది. 2018లో అడివి శేష్ 'గూఢచారి' తక్కువ బడ్జెట్‌లో వచ్చి నిలబడింది. 2023లో అఖిల్ 'ఏజెంట్', నిఖిల్ 'స్పై' వచ్చి పోయాయి. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూస్తే ఖర్చుకీ ఫలితానికీ సంబంధం లేదని తెలుస్తుంది. శేష్ సినిమాలో హీరోని ఇరికించింది ఎవరు అన్న ఒక్క అనుమానం చివరిదాకా లాగుతుంది. దానికి పెద్ద విమానాలు అక్కర్లేకపోయింది.

సీక్వెల్‌తో దెబ్బతిన్నవాళ్లలో కమల్ హాసన్ కూడా ఉన్నారు. 2013లో 'విశ్వరూపం' ఇంటర్వెల్‌కి ముందు వచ్చే ఆ ఒక్క ఫైట్‌కి హాలు లేచి నిలబడింది. అమాయకంగా కథక్ నేర్పే మనిషి అసలు ఎవరో అక్కడ బయటపడుతుంది. 2018లో రెండో భాగం వచ్చేసరికి అతను ఎవరో అందరికీ తెలుసు. దానితో సగం బలం పోయింది.

చివర్లో పచ్చబొట్టు సీన్ ఏంటి?

బాబీ డియోల్ ఒక చిన్నపిల్ల చేతి మీద గుర్తు వేస్తాడు. అది ఇదే వరసలో ఆలియా భట్, శార్వరీ చేసిన 'ఆల్ఫా' సినిమాకి ముందుమాట. మా హాల్లో దాన్ని చూసింది మేనల్లుడు, నేను, ఊడ్చే అతను. మిగతావాళ్లు అప్పటికే బళ్లు స్టార్ట్ చేస్తున్నారు.

ఇప్పుడు ఓటీటీలో చూడొచ్చా?

2025 అక్టోబర్ 9 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది, తెలుగులోనూ ఉంది. చూడొచ్చు. టికెట్ డబ్బులు, తెల్లవారుజాము నిద్ర పోలేదు కాబట్టి కోపం తక్కువ వస్తుంది. రైలు ఫైట్, 'సలామ్ అనాలి', చిన్నప్పటి కథ. ఈ మూడూ మంచివే.

నాదో చిట్కా. ఇంటర్వెల్ తర్వాత వచ్చే ఆ చిన్ననాటి భాగాన్ని ముందు చూసి, తర్వాత మొదటి నుంచి మొదలుపెట్టండి. మా మేనల్లుడి చేత అలాగే చూపించాను. రైలు పైన విక్రమ్ మొదటిసారి కబీర్ ఎదురుగా నిలబడినప్పుడు వాడు ఫోన్ పక్కన పెట్టి, "అరే, వీడికి తెలుసు కదా మామయ్యా, వాడికే తెలీదు" అన్నాడు.